తమ్ముడు మోసిన పేరు

దర్జీ ఆ వీధిలో దుకాణం నడపబట్టి నలభై ఏళ్ళు కావస్తోంది. స్కూలు యూనిఫారాలు, వాచ్‌మన్ల చొక్కాలు, ఆసుపత్రి ఆయాల కోట్లు, ఏ దళసరి గుడ్డ అయినా ఆయన దగ్గరికే వచ్చేది. ఆయన కుట్టిన జేబు ఊడాలంటే ముందు చొక్కా చిరగాలని చెప్పుకునేవారు. అందరూ 'మిలిటరీ దర్జీ' అని పిలిచేవారు. రానురాను దర్జీ రాలిపోయి 'మిలిటరీ' ఒక్కటే మిగిలింది. ఏటా స్కూల్లో జెండా ఎగరేసే రోజున వేదిక మీద మొదటి వరసలో ఆయనకో కుర్చీ వేసేవారు.

ఆయన ఒక్క పూటయినా సైన్యంలో పనిచేసినవాడు కాదు. ఆ సంగతి ఆ ఊళ్ళో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రోజు పొద్దున హెడ్మాస్టరు కొత్త కోటు కోసం కొలతలివ్వడానికి వచ్చాడు. రెండు చేతులూ చాపి దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆయన భుజం కొలుస్తున్నాడు. అప్పుడు గుమ్మంలో ఎవరో ఆగినట్టయింది.

"అన్నయ్యా!"

గుండుసూదులు మింగేసేవాడే. చేతిలో సంచీ, ఒత్తుగా కత్తిరించిన తెల్ల జుట్టు, ఎడమ చెవి కొంచెం ముందుకు వంచి నిలబడ్డ మనిషి. కుడి చెవి వినబడదు, ఫిరంగి మోతకి పోయింది. తమ్ముడు.

ఇన్నేళ్ళలో దర్జీయే రెండు మూడుసార్లు వెళ్ళి తమ్ముణ్ణి చూసొచ్చాడు గానీ, తన ఊరికి రమ్మని ఒక్కనాడూ పిలవలేదు. పిలవకుండానే వచ్చేశాడు.

హెడ్మాస్టరు చాపిన చేతులు దించకుండానే తల తిప్పి చూశాడు. "మీ తమ్ముడా మిలిటరీ గారూ? అచ్చు గుద్దినట్టున్నారే! ఏమండీ, మీరూ అన్నగారిలాగే సైన్యంలో చేశారా?"

ఆ 'మిలిటరీ గారూ' అనే పిలుపు విని తమ్ముడు గోడ మీద ఫొటో వైపు చూశాడు. ఫొటోలో జెండా కింద, వేదిక మీద కుర్చీలో అన్న కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత అన్న ముఖం చూశాడు. దర్జీ టేపు మీది అంకెలు చూస్తున్నట్టు తల వంచుకున్నాడు.

"లేదండీ," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "సైన్యంలో ఉన్నది మా అన్నయ్య పేరే. నా పేరు లేదు."

"అదేలెండి, అందరికీ ఆ భాగ్యం ఉంటుందా!" హెడ్మాస్టరు తమ్ముణ్ణి ఓదార్చాడు. "మీ అన్నగారు చూడండి, పిల్లలు ఎంత అడిగినా యుద్ధం గురించి ఒక్క ముక్క చెప్పరు. నిండు కుండ తొణకదంటారు కదా!"

"అవునండీ," అన్నాడు తమ్ముడు.

దర్జీ నోట్లోంచి గుండుసూదులు తీసి డబ్బాలో వేశాడు. నడుం కొలత తీసుకోవడం మరిచిపోయాడు. హెడ్మాస్టరు వెళ్ళాక షట్టరు సగం కిందికి లాగాడు. ఆ సగం చీకట్లో తమ్ముడికి స్టూలు జరిపాడు. తమ్ముడు ఒక్క మాట దెప్పి ఉంటే దర్జీ ప్రాణానికి తెరిపిగా ఉండేది. అతను దెప్పలేదు. "నీళ్ళున్నాయా అన్నయ్యా?" అని మాత్రం అడిగాడు.

*

వాళ్ళ నాన్న రైల్వే స్టేషన్లో మూటలు మోసేవాడు. పెద్దోడు సైన్యానికి ఎంపికయ్యాడని తెలిసిన రోజు ఆ ప్లాట్‌ఫారం పొడవునా కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. "ఇన్నాళ్ళూ నేను సిపాయిల పెట్టెలు మోశాను. ఇక నా కొడుకు పెట్టె ఇంకోడు మోస్తాడు," అని.

తీరా బయలుదేరే రోజుకి నాన్న నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. చిన్నోడే ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని అన్నకి తోడుగా స్టేషనుకి వచ్చాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు వాడికప్పటికి.

ఎదుటి ప్లాట్‌ఫారం మీద సరిహద్దు నుంచి వచ్చిన బండి ఆగింది. దాంట్లోంచి ఒక స్ట్రెచరు దించారు. దుప్పటి ఒక వైపు కాలి మీద ఎత్తుగా ఉంది, రెండో వైపు చదునుగా ఉంది. ఆ పడుకున్న కుర్రాడు సిగరెట్టు కాలుస్తూ ఎవరితోనో నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసేసరికి పెద్దోడి కడుపులో దేవినట్టయింది. "ఇప్పుడే వస్తా," అని ప్లాట్‌ఫారం చివరనున్న మరుగుదొడ్డిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. మళ్ళీ తియ్యలేదు.

చిన్నోడు తలుపు బాదాడు. బతిమాలాడు. "నాన్న అందరికీ చెప్పుకున్నాడన్నా," అని ఏడ్చాడు. గార్డు ఈల వేశాడు. ఆ తర్వాత తలుపుకి నోరు ఆనించి వాడన్న మాట దర్జీకి ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది. "అన్నా, పెట్టె నేను తీసుకుపోతున్నా. కాగితాలు అందులోనే ఉన్నాయి. నువ్వు ఇంటికెళ్ళు."

ఆ రోజుల్లో కాగితాల మీద ఫొటోలు లేవు. అన్నదమ్ములది ఒకటే పోలిక. చిన్నోడు అన్న పేరుతో, అన్న వయసుతో, అన్న బడి సర్టిఫికెట్టుతో సిపాయి అయ్యాడు.

నాన్న ఊరందరితో పెద్దోడు సైన్యానికి వెళ్ళాడనే చెప్పాడు. అలాంటప్పుడు పెద్దోడు ఊళ్ళో కనబడకూడదు కదా! వారం తిరక్కుండా ఇల్లు విడిచాడు. ఎక్కడెక్కడో తిరిగి ఈ ఊరు చేరి, ఒక ముసలి దర్జీ దగ్గర కాజాలు కుట్టే పనిలో కుదురుకున్నాడు. అమ్మా నాన్నా పోయాక తమ్ముడు సైన్యంలో తన ఇంటి చిరునామాగా అన్న ఉన్న దుకాణం రాయించాడు. అదే కొంప ముంచింది.

కొన్నాళ్ళకి తమ్ముడు ఒక కొండ మీద జరిగిన పోరులో గాయపడ్డాడు. ధైర్యంగా నిలబడ్డాడని మెచ్చుకుంటూ సైన్యం వాళ్ళు పంపిన పత్రం ఈ చిరునామాకి వచ్చింది. దాని మీద ఉన్నది అన్న పేరు, పోరు ఎప్పటిదో లేదు. పోస్ట్‌మాన్ దుకాణం ముందు నిలబడి గట్టిగా చదివాడు. ముసలి దర్జీ మిషన్ ఆపి లేచి నిలబడ్డాడు. "ఓరి నీ! ఇక్కడికి రాకముందు సిపాయిగా చేశావా? గాయం కూడా తగిలిందా? ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేంరా?"

అతను నోరు విప్పలేదు. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. పత్రాన్ని వేరే కవర్లో పెట్టి తమ్ముడికి పంపేశాడు. కానీ పేరు మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. మరుసటి ఏడు ముసలి దర్జీ పిలిచి తన కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు.

*

"గుండెకి ఆపరేషన్ చెప్పారన్నయ్యా," అన్నాడు తమ్ముడు నీళ్ళ గ్లాసు కింద పెట్టి. "డాక్టరు ధైర్యంగానే ఉన్నాడు. నాకే ఒక దిగులు. నేను పోతే మీ మరదలికి పింఛను రాదు. దాని కాగితాలన్నిట్లో మొగుడి పేరు నాది. సైన్యం రికార్డులో ఉన్నది నీ పేరు. ఆ పేరు గలవాడికి భార్యెవరంటే, వదినని చూపిస్తారు."

అతను నవ్వాడు గానీ దర్జీ నవ్వలేకపోయాడు.

"రికార్డు ఆఫీసులో అడిగాను. పేరు మారుస్తారట. అయితే ఆ పేరు అసలు ఎవరిదో ఆ మనిషే వచ్చి చెప్పాలట. తను సైన్యంలో చేరలేదని, తన బదులు వీడు వెళ్ళాడని."

"ఊళ్ళో తెలుస్తుందా?" దర్జీ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. తమ్ముడి గుండె గురించి కాదు. ఆ మాట అన్నాక తనకే వినబడింది. నాలుక కరుచుకున్నాడు గానీ, జారిన మాట తిరిగి రాదు.

తమ్ముడు అది వినబడనట్టే గ్లాసు పక్కకి జరిపాడు. "పింఛను ఒక్కటే కాదన్నా," అన్నాడు. "కొండ మీద నా పక్కవాడు, నాతో ఒకే కంచంలో తిన్నవాడు, నా ఒళ్ళో పోయాడు. పోయేముందు నన్ను పిలిచాడు. పిలిచింది నీ పేరు. వాడికి నా పేరు తెలీదు. నేనెవరో తెలీకుండానే పోయాడు. అది నాకు ఈ చెవిలో, ఈ వినబడని చెవిలో ఉండిపోయింది."

దర్జీ మిషన్ మీది గుడ్డ సవరించాడు. అవసరం లేకపోయినా బాబిన్ తీసి మళ్ళీ పెట్టాడు. "చూద్దాంలేరా," అన్నాడు. "ఈ వయసులో... పిల్లలు స్థిరపడ్డారు... నలుగురిలో తిరిగేవాణ్ణి... ఇంకేదైనా దారుందేమో కనుక్కో."

"సరే అన్నయ్యా." తమ్ముడు లేచాడు. "వదినని ఒకసారి చూసి వెళ్తాను. ఇంతవరకూ చూడనేలేదు."

"మీ వదిన ఊళ్ళో లేదురా."

ఇల్లు రెండు సందుల అవతలే. ఆ వేళకి ఆవిడ వంట చేస్తూ ఉంటుంది. దర్జీ తమ్ముడికి బస్టాండు పక్క హోటల్లో భోజనం పెట్టించి, మధ్యాహ్నం బస్సెక్కించాడు. బస్సు కదులుతుంటే తమ్ముడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అప్పుడు రైలెక్కించాను, ఇప్పుడు బస్సెక్కించాను అనుకున్నాడు దర్జీ. రెండుసార్లూ వెళ్ళింది వాడే, దాక్కున్నది తనే. ఈసారి గడియ పెట్టుకోవడానికి తలుపు కూడా అక్కర్లేకపోయింది.

*

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"మా మరిదిగారు వచ్చారటగా? హెడ్మాస్టారు కూరగాయల దగ్గర కనబడి చెప్పారు. అచ్చం మీలాగే ఉన్నారట. ఇంటికి తీసుకురాలేదేం? నేను చచ్చానని చెప్పారా ఏం?"

"ఊళ్ళో లేవని చెప్పాను."

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఎందుకూ?"

దర్జీ అరుగు మీద కూలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. స్టేషను, స్ట్రెచరు, తలుపు, పోస్ట్‌మాను, పత్రం, అన్నీ చెప్పాడు. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక వంగి, ఆయన పిక్క మీది పాత మచ్చ చూపించింది.

"మరి ఇదీ?"

"కుక్క కరిచింది. చిన్నప్పుడు."

"కుక్కా?"

"పక్కింటి కుక్క."

ఆవిడ నవ్వుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. నవ్వలేదు. "పెళ్ళిచూపుల నాడు మా నాన్న ఈ మచ్చే చూపించి, తూటా తగిలినా బెదరనివాడమ్మా, నిన్ను కడుపులో పెట్టుకుని చూస్తాడు అన్నాడు," అంది. "చూశారు, కాదనను. సిపాయి కాకపోతే మిమ్మల్ని చేసుకోనని నేను అన్నానా? దర్జీ కూతుర్ని, దర్జీని కట్టుకుంటే నాకు నామోషీ ఏముంది? కానీ ఎంతమందికి చెప్పానండీ! పురుడు పోసిన డాక్టరమ్మకి చెప్పాను, వియ్యపురాలికి చెప్పాను. మా ఆయన గాయపడ్డారని, గొప్ప చెప్పుకోరని... నా నోటితో నన్ను అబద్ధాలకోరుని చేశారు."

గరిటె గూట్లో పెట్టి లోపలికి వెళ్ళింది. వారం రోజులు కంచంలో అన్నం పెట్టింది గానీ ముఖంలోకి చూడలేదు. ఆ వారంలో దర్జీ రెండు ప్యాంట్లు పొట్టిగా కత్తిరించి పాడుచేశాడు. ఒకనాడు కంచం ముందు పెడుతూ ఆవిడే అంది. "ఆయనకి ఆపరేషనన్నారు. ఎప్పుడూ? ఇంకా ఇక్కడే కూర్చున్నారేం?"

*

రికార్డు ఆఫీసు వరండాలో తమ్ముడు ముందే వచ్చి కూర్చున్నాడు. అన్నని చూసి లేచి నిలబడ్డాడే తప్ప, వస్తావనుకోలేదని అనలేదు. అతను అనని ఆ మాట దర్జీకి బాగానే వినబడింది.

బల్ల అవతల యూనిఫారంలో ఉన్న ఒక అమ్మాయి, ఆఫీసరు. వాళ్ళ పిల్లల కంటే చిన్నది. కంప్యూటర్లో కొడుతూ ఒక్కొక్కటే అడిగింది. అసలు పేరుగల వ్యక్తి మీరేనా? మీరేనండీ ఎంపికైంది? ఎప్పుడైనా చేరారా? చేరలేదా? వెనకాల బెంచీ మీద తమ వంతు కోసం మరో ఇద్దరు కూర్చుని వింటున్నారు. వాళ్ళిద్దరూ సైన్యంలో చేసినవాళ్ళేనని కూర్చున్న తీరే చెబుతోంది.

"చేరకపోవడానికి కారణం?" అంది అమ్మాయి. దర్జీ బల్ల అంచుని వేలితో రుద్దుతూ ఉండిపోయాడు. ఆ పిల్ల జాలిపడి, "అనారోగ్యం అని పెట్టనాండీ? చాలామంది అదే పెడతారు," అంది.

"పెట్టండమ్మా," అన్నాడు తమ్ముడు చటుక్కున. "ఆ రోజు అన్నయ్యకి కడుపులో బాలేదు. అది నిజమే."

ఆ సందులోంచి బయటపడొచ్చు. పడితే ఎవరికీ నష్టం లేదు. తమ్ముడి పని అయిపోతుంది, తన పరువూ దక్కుతుంది. దర్జీ ఆ వైపు అడుగు వేయబోయాడు కూడా. కానీ ఇప్పుడు కూడా తనని దాచడానికి తలుపు మూస్తున్నది తమ్ముడే. అది తట్టుకోలేకపోయాడు.

"కడుపులో బాలేకపోవడానికి కారణం భయమేనమ్మా," అన్నాడు. "భయపడి మరుగుదొడ్లో దాక్కున్నాను. అలాగే రాయండి."

కీబోర్డు మీద వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి. అమ్మాయి రూలు ప్రకారం మొత్తం పైకి చదివి వినిపించింది. 'నియామకం రోజున భయం చేత దాక్కుని రైలు ఎక్కలేదు. నాకు బదులుగా నా తమ్ముడు నా పేరుతో చేరి, చివరిదాకా పనిచేశాడు.' ఆ తడబాటు లేని గొంతులో వింటుంటే దర్జీకి చెవుల నుంచి మెడ దాకా సెగ పాకింది. వెనక బెంచీ కిర్రుమంది. తిరిగి చూడడానికి ధైర్యం చాల్లేదు.

ఇద్దరూ సంతకాలు పెట్టారు. అమ్మాయి కాగితం చూసి నొసలు చిట్లించింది. "ఇదేంటండీ, ఇద్దరూ ఒకటే పేరు రాశారు?"

తమ్ముడు కాగితం కేసి చూసి నాలుక కరుచుకున్నాడు. "అలవాటమ్మా. చెయ్యి దానంతటది రాసేసింది."

ఇంకో కాగితం తీసిచ్చింది. తమ్ముడు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. బళ్ళో మొదటిసారి పలక పట్టిన పిల్లాడిలా ఒక్కొక్క అక్షరం పేర్చి తన పేరు రాశాడు. చివరి అక్షరం వంకరగా వచ్చింది.

"నిర్ణయం పైవాళ్ళదండీ," అంది అమ్మాయి. "మచ్చలేని సర్వీసు కాబట్టి శిక్షలవీ ఉండకపోవచ్చు. మందలిస్తూ ఇద్దరికీ చెరో ఉత్తరం వస్తుంది."

బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. దర్జీ గ్లాసులోకి చూస్తూ, "క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదురా," అన్నాడు.

తమ్ముడు ఎడమ చెవి ఇటు తిప్పి విన్నాడు. "నేనేదో వీరుణ్ణి అనుకోకన్నయ్యా. ఆ స్ట్రెచరు నేనూ చూశాను. నాకూ దాక్కోవాలనే ఉంది. కానీ అక్కడున్నది ఒకటే దొడ్డి. అందులో నువ్వు దూరావు." టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "నేను తలుపు బాదింది నిన్ను రమ్మని మాత్రమే కాదు. నన్నూ లోపలికి రానిమ్మని."

దర్జీకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి టీ పొరబోయింది.

*

హెడ్మాస్టరు ఇంటికి వెళ్తానంటే భార్య కూడా చెప్పులేసుకుంది. "మీరొక్కరే వెళ్ళి చెబితే, నేను తెలిసే దాచానంటారు. నేనూ వస్తా."

కొత్త కోటు మడిచి ఇచ్చి, దర్జీ నిలబడే అంతా చెప్పాడు. హెడ్మాస్టరు వింటూ వింటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి కోపం కంటే ఇబ్బందే ఎక్కువ కలిగింది. "పదిహేనేళ్ళుగా పిల్లల చేత మీకు సెల్యూట్ చేయించానండీ," అన్నాడు. కూర్చోమని కూడా అనలేదు. ఆ ఏడు యూనిఫారాలు వేరే దర్జీకి వెళ్ళాయి. కొన్నాళ్ళు వీధిలో కుర్రాళ్ళు దుకాణం ముందు నుంచి వెళ్తూ భౌభౌమని మొరిగేవారు. కుక్క సంగతి ఎలా పొక్కిందో తెలియదు. దర్జీ తలెత్తేవాడు కాదు. అడిగినవాళ్ళకి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ సులువవుతుందనుకున్నాడు. అవలేదు. ప్రతిసారీ మెడ దాకా సెగ పాకేది.

చలికాలం మొదట్లో తమ్ముడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పేరు మార్చిన ఉత్తర్వు చేతికందిందట.

"నిన్న మా పాత బెటాలియన్ వాళ్ళ కలయిక జరిగిందన్నా. మైకులో నా పేరు పిలిచారు. నా పేరే! నేను కదలకుండా, ఎవరబ్బా వీడు అని చుట్టూ చూస్తున్నా. పక్కవాడు డొక్కలో పొడిస్తే అప్పుడు లేచా."

"అందరూ ఏమన్నార్రా?"

"ఒకడు కొట్టడానికొచ్చాడు. ఇన్నాళ్ళూ కలిసి తిన్నావు, మాక్కూడా చెప్పలేదేమని. తర్వాత వాడే కావలించుకున్నాడు." తమ్ముడు దగ్గి గొంతు సవరించుకున్నాడు. "పైవారం ఆపరేషన్ అన్నయ్యా. నువ్వు రాకపోయినా ఫరవాలేదు. ఆసుపత్రి వాసన, నెత్తురు, అవన్నీ నీకు పడవు."

"వస్తున్నా."

"భయమేస్తుంది నీకు."

"వేస్తుంది," అన్నాడు దర్జీ. "వేస్తే బయట బెంచీ మీద కూర్చుంటా. కానీ నువ్వు బయటికొచ్చేదాకా అక్కణ్ణించి కదలను."

వెనకనుంచి భార్య ఫోను లాక్కుంది. "మరిదిగారూ, నేనూ వస్తున్నాను. ఈసారి ఊళ్ళోనే ఉన్నాను," అంది.